యామల్ రాయడం ఎలా: గోదావరి డెల్టాలో కొత్తగా నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ, అమలాపురం, భీమవరం పరిసరాల్లో చదువుకుంటున్న పాలిటెక్నిక్, ఇంజనీరింగు విద్యార్థులకు, చెరువుల దగ్గర సెన్సర్లు అమర్చే సాంకేతిక సిబ్బందికి, సొసైటీ కార్యాలయాల్లో కంప్యూటరు పని చూసేవారికి యామల్ ఫైళ్లతో పరిచయం తప్పనిసరి అవుతోంది. వారు అడిగే ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఉదాహరణలన్నీ మన కాలువలు, చెరువులు, వరద హెచ్చరికలకు సంబంధించినవే.

యామల్ అంటే ఏమిటి? దాన్ని ఎవరు తయారుచేశారు?

సమాచారాన్ని మనిషి సులువుగా చదవగలిగేలా, ప్రోగ్రాము తడబడకుండా తీసుకోగలిగేలా సాదా టెక్స్టు ఫైలులో అమర్చే పద్ధతే యామల్. ఇది ప్రోగ్రామింగు భాష కాదు. ఇందులో లూపులు, షరతులు ఉండవు. ఏ వివరం పేరు ఏమిటి, దాని విలువ ఎంత, ఏది దేని కింద వస్తుంది అన్న మూడు సంగతులు చెప్పడమే దీని పని. 2001లో క్లార్క్ ఎవాన్స్ దీన్ని ప్రతిపాదించగా, ఇంగీ డాట్ నెట్, ఓరెన్ బెన్-కికీ ఆయనతో కలిసి రూపుదిద్దారు. 1.0 వెర్షను 2004లో, 1.1 వెర్షను 2005లో, 1.2 వెర్షను 2009లో వచ్చాయి. 2021లో వచ్చిన 1.2.2 కేవలం వివరణలను సరిదిద్దిన ముద్రణ. ఈ సంఖ్యలను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ప్రోగ్రాముల కోసం యామల్‌ను చదివిపెట్టే లైబ్రరీలు (సిద్ధంగా దొరికే కోడు) చాలావరకు నేటికీ 1.1 నియమాలనే పాటిస్తున్నాయి, దానివల్ల ఒకే ఫైలును రెండు ప్రోగ్రాములు రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు.

సర్వర్లను, ప్రోగ్రాములను, ఇంటి పరికరాలను నడిపే కుబర్నెటీస్, డాకర్ కంపోజ్, ఆన్సిబుల్, గిట్‌హబ్ యాక్షన్స్, హోమ్ అసిస్టెంట్ వంటి సాధనాలకు సెట్టింగులను సాధారణంగా యామల్‌లోనే ఇస్తారు.

అన్నిటికంటే చిన్న యామల్ ఫైలు ఎలా ఉంటుంది?

ఒక చెరువు వివరాలు చూడండి.

```
చెరువు: 3
విస్తీర్ణం: 2.5     # ఎకరాల్లో
రకం: వనామీ
కనీస డీఓ: 4        # నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు మిల్లీగ్రాములు
```

కోలన్‌కు ఎడమవైపు ఉన్నదాన్ని కీ అని, కుడివైపు ఉన్నదాన్ని విలువ అని అంటారు. కోలన్ తరువాత ఒక స్పేసు తప్పనిసరి. కొత్తవారు ఎక్కువగా విస్మరించే నియమం ఇదే. స్పేసు లేకుండా «రకం:వనామీ» అని రాస్తే యామల్ దాన్ని జంటగా విడదీయదు. మొత్తం ఒకే మాటగా చూస్తుంది. పైనా కిందా సరైన జంటలు ఉంటే ఫైలు చదవడం ఆ వరుస దగ్గర ఆగిపోతుంది.

హ్యాష్ గుర్తు నుంచి వరుస చివరి వరకు ఉన్నది వ్యాఖ్య. ప్రోగ్రాము దాన్ని పట్టించుకోదు. వరుస మధ్యలో వ్యాఖ్య కావాలంటే హ్యాష్‌కు ముందు స్పేసు ఉండాలి. దీనికి ఇంకో పార్శ్వం కూడా ఉంది. «చిరునామా: ఫ్లాట్ #5» అని రాస్తే విలువ «ఫ్లాట్» దగ్గరే ముగుస్తుంది, సంఖ్య వ్యాఖ్యలో కలిసిపోతుంది. అలాంటి విలువను కోట్‌లలో పెట్టాలి. వ్యాఖ్యలు ధారాళంగా రాయమని నా సలహా. విస్తీర్ణం ఎకరాల్లోనా సెంట్లలోనా, దిగుబడి క్వింటాళ్లలోనా 75 కిలోల బస్తాల్లోనా అన్నది ఫైలులో రాసి ఉండకపోతే ఆరు నెలల తరువాత రాసినవారికే తెలియదు.

కీలు, విలువలు తెలుగులో రాయవచ్చా?

నిరభ్యంతరంగా రాయవచ్చు. యామల్ యూనికోడ్ మీద నిర్మితమైనది కనుక ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే చాలు. అయితే కుబర్నెటీస్ వంటి సాధనాలకు అవి నిర్ణయించిన ఇంగ్లీషు కీలనే ఇవ్వాలి. అక్కడ తెలుగు విలువల్లో, వ్యాఖ్యల్లో మాత్రమే చెల్లుతుంది. మీరు సొంతంగా రాసుకునే ప్రోగ్రాముకైతే కీలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు, ఈ పుటలోని ఉదాహరణలన్నీ అలాంటివే.

మూడు విషయాల్లో మాత్రం జాగ్రత్త వహించాలి. ట్రూ (అవును), ఫాల్స్ (కాదు), నల్ (శూన్యం) అనే ప్రత్యేక విలువలను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. తెలుగు లిపిలో రాస్తే అవి మామూలు మాటలైపోతాయి. తెలుగు అంకెలతో ౭౫ అని రాస్తే అది సంఖ్య కాదు, టెక్స్టు. దానితో కూడికలు, తీసివేతలు జరగవు. మూడవది కంటికి కనిపించదు. మన కీబోర్డులు పొల్లు హల్లుతో ముగిసే మాటల చివర ఒక్కోసారి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే వెడల్పు లేని అక్షరాన్ని చేరుస్తాయి. «ఏరేటర్» అనే కీని ఒకచోట ఆ అక్షరంతో, మరోచోట అది లేకుండా టైపు చేస్తే తెర మీద రెండూ అచ్చంగా ఒకేలా ఉంటాయి, కానీ ప్రోగ్రాముకు అవి రెండు వేర్వేరు కీలు. కీ కళ్లెదుటే ఉన్నా దొరకలేదని ప్రోగ్రాము చెబుతుంటే, ఆ మాటను చెరిపి కొత్తగా టైపు చేయండి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన వరుసల్లో వచ్చే నో-బ్రేక్ స్పేసు కూడా ఇలాగే మోసగిస్తుంది. చూడడానికి స్పేసులా ఉన్నా యామల్ దాన్ని ఇండెంటుగా, అంటే వరుస మొదట్లో వదిలే ఖాళీగా, లెక్కించదు.

ఇండెంటు ఎన్ని స్పేసులు ఉండాలి? ట్యాబ్ ఎందుకు వాడకూడదు?

ఎన్ని అన్న నియమం లేదు. ఒకే స్థాయిలోని వరుసలన్నీ ఒకే నిలువు గీత మీద మొదలవ్వాలన్నదే నియమం. రెండు స్పేసులు వాడడం అందరూ పాటించే అలవాటు. ట్యాబ్ వెడల్పు ఒక్కో ఎడిటరులో ఒక్కో విధంగా ఉంటుంది కనుక ఇండెంటుకు ట్యాబ్‌ను యామల్ పూర్తిగా నిషేధించింది. ఎడిటరు సెట్టింగుల్లో ట్యాబ్ నొక్కితే రెండు స్పేసులు పడేలా మార్చుకుంటే ఈ ఇబ్బంది తీరిపోతుంది.

ఇండెంటే ఏది దేని కిందకు వస్తుందో చెబుతుంది: ప్రధాన కాలువ నుంచి పంట కాలువకు, పంట కాలువ నుంచి బోదెకు నీరు చేరినట్లుగా, కుడివైపు జరిగిన ప్రతి వరుసా తనకు పైన, ఎడమగా ఉన్న కీకి చెందుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిని మూడు డెల్టాలకు పంచే ఏర్పాటును ఇలా రాయవచ్చు. హెడ్ స్లూయిస్ అంటే కాలువలోకి నీరు వదిలే తూము.

```
తూర్పు డెల్టా:
  హెడ్ స్లూయిస్: ధవళేశ్వరం
మధ్య డెల్టా:
  హెడ్ స్లూయిస్: బొబ్బర్లంక
పశ్చిమ డెల్టా:
  హెడ్ స్లూయిస్: విజ్జేశ్వరం
```

ఇప్పుడు మధ్య డెల్టా వరుస పొరపాటున ఒక్క స్పేసు కుడికి జరిగిందనుకోండి. అది ఏ స్థాయికీ సరిపోదు కనుక ప్రోగ్రాము వెంటనే లోపం చూపిస్తుంది, మీరు దిద్దుకుంటారు, నష్టమేమీ లేదు. అదే వరుస రెండు స్పేసులు జరిగితే ఏమవుతుందో నెమ్మదిగా చూడాలి.

```
తూర్పు డెల్టా:
  హెడ్ స్లూయిస్: ధవళేశ్వరం
  మధ్య డెల్టా:
  హెడ్ స్లూయిస్: బొబ్బర్లంక
```

«మధ్య డెల్టా» ఇప్పుడు తూర్పు డెల్టాలో భాగమైంది. దాని కింద కుడివైపు జరిగిన వరుస ఏదీ లేదు కనుక దాని విలువ నల్, అంటే శూన్యం. «హెడ్ స్లూయిస్» అనే కీ తూర్పు డెల్టా కింద రెండుసార్లు వచ్చింది. ఒకే స్థాయిలో ఒక కీ రెండుసార్లు రాకూడదని యామల్ నిర్దేశం చెబుతుంది, అయినా పైథాన్‌లో అందరూ వాడే పైయామల్ లైబ్రరీ అభ్యంతరం చెప్పకుండా చివరిదాన్నే ఉంచుకుంటుంది. ఫలితంగా తూర్పు డెల్టాకు నీరు బొబ్బర్లంక నుంచి వెళుతున్నట్లు నమోదవుతుంది, మధ్య డెల్టాకు అసలు హెడ్ స్లూయిసే ఉండదు, తెర మీద మాత్రం ఒక్క హెచ్చరిక కూడా కనిపించదు. యామల్‌లో నిజంగా భయపడవలసినది ఇలాంటి నిశ్శబ్దమైన తప్పులకే. అందుకే ఈ పుటలో మిగిలిన సమాధానాలు చాలావరకు వాటి గురించే ఉన్నాయి.

జాబితా ఎలా రాయాలి?

ప్రతి అంశం ముందు హైఫన్, దాని తరువాత స్పేసు పెట్టాలి. ఒక్కో అంశంలో అనేక వివరాలు ఉంటే మొదటి వివరం హైఫన్ పక్కన, మిగిలినవి దాని సూటిగా కింద వస్తాయి. ధవళేశ్వరం దగ్గర జారీ చేసే మూడు ప్రమాద హెచ్చరికలను, నీటిమట్టం అడుగుల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో, ఇలా రాస్తాం.

```
బ్యారేజీ: ధవళేశ్వరం
హెచ్చరికలు:
  - స్థాయి: మొదటిది
    నీటిమట్టం: 11.75
    ప్రవాహం: 1000000
  - స్థాయి: రెండవది
    నీటిమట్టం: 13.75
    ప్రవాహం: 1300000
  - స్థాయి: మూడవది
    నీటిమట్టం: 17.75
    ప్రవాహం: 1700000
```

చిన్న జాబితాలను చదరపు బ్రాకెట్లలో ఒకే వరుసలో కూడా ఇవ్వవచ్చు: «కాలాలు: [సార్వా, దాళ్వా]». అలాగే మీసాల బ్రాకెట్లలో జంటలు ఇవ్వవచ్చు.

లక్షల లెక్కకు అలవాటుపడిన మనకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ప్రవాహాన్ని 10,00,000 అని కామాలతో రాస్తే అది సంఖ్య కాకుండా టెక్స్టు అవుతుంది. దాన్ని మరో సంఖ్యతో పోల్చబోతే ప్రోగ్రాము ఆగిపోతుంది. చదరపు బ్రాకెట్లలో [10,00,000] అని రాస్తే ఇంకా అన్యాయం: కామా అక్కడ అంశాలను వేరుచేసే గుర్తు కనుక పది లక్షలు అనే ఒక్క సంఖ్య బదులు 10, 00, 000 అనే మూడు అంశాల జాబితా తయారవుతుంది. సంఖ్యల్లో కామాలు పెట్టకండి. లక్షల్లో ఎంతో పక్కన వ్యాఖ్యగా రాసుకోండి.

నేను 22:30 అని సమయం రాస్తే ప్రోగ్రాముకు 1350 అని ఎందుకు చేరింది?

ఎక్కువమంది ఆశ్చర్యపడే ప్రశ్న ఇదే. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కనుక ఏరేటర్లు ఎన్నింటికి మొదలవ్వాలో చాలామంది సెట్టింగుల ఫైలులో రాస్తారు. యామల్ 1.1లో అరవై ఆధారంగా లెక్కించే సంఖ్యలు రాసుకునే సౌకర్యం ఉండేది. కోలన్‌తో వేరుచేసిన అంకెలను అది ఆ లెక్కలోకి మార్చేస్తుంది. 22ను 60తో గుణించి 30 కలిపితే 1350. తెల్లవారుజామున 5:30 అని రాస్తే 330 అవుతుంది. అయితే 05:30 అని ముందు సున్నా పెడితే ఆ నియమం వర్తించదు, అది టెక్స్టుగానే మిగులుతుంది. అంటే ఒకే ఫైలులో సాయంత్రపు సమయాలు సంఖ్యలుగా, ఉదయపు సమయాలు టెక్స్టుగా చేరవచ్చు. 1.2లో ఈ సౌకర్యాన్ని తీసేశారు, కానీ పైయామల్ ఇంకా 1.1 ప్రకారమే నడుస్తుంది.

సున్నాతో మొదలయ్యే సంఖ్యల సంగతి కూడా ఇంతే. సభ్యత్వ సంఖ్య 0123 అని రాస్తే 1.1 దాన్ని ఎనిమిది ఆధారంగా రాసిన సంఖ్యగా భావించి 83గా మారుస్తుంది, 1.2 మాత్రం సున్నాను వదిలేసి 123గా తీసుకుంటుంది. మీరు కోరుకున్నది ఈ రెండూ కాదు. అమలాపురం ఎస్టీడీ కోడు 08856 విషయంలో పరిస్థితి తారుమారవుతుంది: ఎనిమిది ఆధారిత సంఖ్యలో 8 అనే అంకె ఉండదు కనుక పైయామల్ దాన్ని టెక్స్టుగా వదిలేస్తుంది, 1.2 పాటించే లైబ్రరీ 8856గా మార్చి సున్నాను పోగొడుతుంది.

దశాంశాలలో చివరి సున్నా కూడా నిలవదు. గిట్‌హబ్ యాక్షన్స్‌లో పైథాన్ వెర్షను 3.10 కావాలని కోట్‌లు లేకుండా రాస్తే అది 3.1గా చేరి, వేరే వెర్షను కోసం వెతుకుతుంది. తేదీల్లో 2024-02-10 అని సంవత్సరం ముందు పెట్టి రాస్తే 1.1 దాన్ని తేదీగా గుర్తిస్తుంది. మనం మామూలుగా రాసే 10-02-2024 టెక్స్టుగానే ఉంటుంది. మార్టేరు వరి రకాల్లో «ఎంటీయూ 7029» అని పూర్తిగా రాస్తే టెక్స్టు, 7029 అని మాత్రమే రాస్తే సంఖ్య.

వీటన్నిటికీ పరిష్కారం ఒక్కటే. ఏ అంకెల వరుసతో మీరు కూడికలు, తీసివేతలు, పోలికలు చేయరో, దాన్ని సంఖ్యగా చూడకండి, కోట్‌లలో పెట్టండి. ఫోను, ఎస్టీడీ కోడు, సర్వే నంబరు, సభ్యత్వ సంఖ్య, వెర్షను, సమయం అన్నీ ఈ కోవలోవే.

```
ఏరేటర్ మొదలు: '22:30'
సభ్యత్వ సంఖ్య: '0123'
ఎస్టీడీ కోడు: '08856'
```

అవును, కాదు అనే విలువల్లో ఏదో చిక్కు ఉందని విన్నాను. ఏమిటది?

1.1 నియమాల ప్రకారం ఇంగ్లీషులోని యెస్, నో, ఆన్, ఆఫ్ అనే మాటలు కోట్‌లు లేకుండా కనిపిస్తే అవి ట్రూ లేదా ఫాల్స్‌గా మారిపోతాయి. దేశాల రెండక్షరాల సంకేతాల జాబితా రాసినప్పుడు నార్వే సంకేతం ఇంగ్లీషు «నో»తో సమానం కావడంతో ఆ దేశం జాబితాలో ఫాల్స్‌గా మారేది. అందుకే దీనికి నార్వే సమస్య అనే పేరు స్థిరపడింది. 1.2లో ట్రూ, ఫాల్స్ మాత్రమే మిగిలాయి. రొయ్యల ఎగుమతుల పనిలో దేశ సంకేతాలు రాసేవారు వాటన్నిటినీ కోట్‌లలో పెట్టడం మేలు.

సింగిల్ కోట్ వాడాలా, డబుల్ కోట్ వాడాలా?

సాధారణంగా సింగిల్ కోట్ చాలు. దాని లోపల ప్రతి అక్షరం ఉన్నది ఉన్నట్లే ఉంటుంది. లోపల సింగిల్ కోట్ కావాలంటే రెండుసార్లు రాయాలి. డబుల్ కోట్ లోపల బ్యాక్‌స్లాష్‌కు ప్రత్యేక అర్థం ఉంటుంది కాబట్టి కొత్త వరుస వంటివి చొప్పించవలసినప్పుడే దాన్ని వాడండి. విండోస్ ఫోల్డరు దారులను డబుల్ కోట్‌లలో పెడితే బ్యాక్‌స్లాష్‌లు ఇబ్బంది పెడతాయి.

విలువ మధ్యలో కోలన్, స్పేసు కలిసి వచ్చినా, విలువ మొదట్లో నక్షత్రం, ఆంపర్‌సాండ్, ఆశ్చర్యార్థకం, శాతం, ఎట్ గుర్తు, బ్రాకెట్ వంటివి వచ్చినా కోట్‌లు తప్పనిసరి. «గమనిక: మరమ్మతు: రేపు» అన్న వరుస చెల్లదు, «గమనిక: 'మరమ్మతు: రేపు'» చెల్లుతుంది.

నాలుగైదు వరుసల సందేశం రాయాలంటే?

కోలన్ తరువాత నిలువు గీత పెట్టి, కింద ఇండెంటుతో సందేశం రాయాలి. వరుసలు ఎక్కడ విరిగాయో అక్కడే విరిగి ఉంటాయి.

```
సందేశం: |
  ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక అమల్లో ఉంది.
  లంక గ్రామాల వారు పశువులను గట్టు మీదకు తరలించాలి.
```

నిలువు గీత బదులు > గుర్తు పెడితే వరుసలన్నీ స్పేసులతో కలిసి ఒకే పేరాగా మారతాయి. మధ్యలో ఖాళీ వరుస వదిలిన చోట మాత్రమే కొత్త వరుస మొదలవుతుంది. ఎస్సెమ్మెస్‌గా వెళ్లే హెచ్చరికకు మొదటి పద్ధతి, వెబ్ పేజీలోని వివరణకు రెండవ పద్ధతి అనువుగా ఉంటాయి. రెండింటిలోనూ చివర ఒక కొత్త వరుస మిగులుతుంది. అది అక్కర్లేకపోతే గుర్తు పక్కనే హైఫన్ చేర్చాలి. ఈ భాగం లోపల హ్యాష్ గుర్తు వ్యాఖ్య కాదు, సందేశంలో భాగమే.

పది చెరువులకు ఒకే సెట్టింగులను పదిసార్లు రాయాలా?

అవసరం లేదు. ఒకచోట ఆంపర్‌సాండ్‌తో పేరు పెట్టి, మిగిలిన చోట్ల నక్షత్రం గుర్తుతో ఆ పేరును పిలవవచ్చు. మొదటిదాన్ని యాంకర్ అని, రెండవదాన్ని ఏలియాస్ అని అంటారు.

```
మూల అమరిక: &1
  కనీస డీఓ: 4
  ఏరేటర్ మొదలు: '22:30'
చెరువు 1:
  <<: *1
  రకం: వనామీ
చెరువు 2:
  <<: *1
  కనీస డీఓ: 5
```

రెండవ చెరువులో విడిగా రాసిన 5 నిలుస్తుంది. సమయం మాత్రం మూల అమరిక నుంచి వస్తుంది. నిర్దేశం ప్రకారం యాంకర్ పేరు తెలుగులో ఉండవచ్చు, కానీ పైయామల్ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోరు మాత్రమే ఒప్పుకుంటుంది. ఇక్కడ అంకె వాడింది అందుకే. రెండు కోణాల గుర్తుతో కలిపే పద్ధతి 1.1 కాలం నాటిది, 1.2 నిర్దేశంలో లేదు. మీ సాధనం దాన్ని అంగీకరిస్తుందో లేదో ముందుగా పరీక్షించుకోండి.

జేసన్ తెలిసి ఉంటే యామల్ సులువేనా?

అవును. జేసన్ కూడా సమాచారాన్ని టెక్స్టుగా అమర్చే ఇలాంటి పద్ధతే. 1.2 నుంచి దాదాపు ప్రతి జేసన్ ఫైలూ చెల్లుబాటయ్యే యామల్ ఫైలే. జేసన్‌లో వ్యాఖ్యలు రాయలేం, యామల్‌లో రాయగలం. మనుషులు దిద్దే ఫైళ్లకు యామల్‌ను ఎంచుకోవడానికి నా దృష్టిలో అంతకు మించిన కారణం లేదు.

రాసిన ఫైలు సరిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

యామల్‌లింట్ అనే ఉచిత సాధనం ట్యాబ్‌లను, ఇండెంటు తేడాలను, రెండుసార్లు వచ్చిన కీలను వరుస సంఖ్యతో సహా చూపిస్తుంది. లోపం ఫలానా వరుసలో ఉందని ప్రోగ్రాము చెప్పినప్పుడు దానికి పైవరుసను కూడా చూడండి. మూయని కోట్ వంటి తప్పు చాలాసార్లు కింది వరుసకు వచ్చాకే బయటపడుతుంది.

యామల్‌లింట్ ఒప్పుకున్నంత మాత్రాన అర్థం సరైనదని కాదు. ఫైలును మీ ప్రోగ్రాము వాడే లైబ్రరీతోనే చదివించి, ఫలితాన్ని జేసన్ రూపంలో ముద్రించి ఒక్కసారి కళ్లారా చూడండి. 1350, 83, నల్ వంటివి అక్కడ దాగవు. పైథాన్‌లో అయితే సేఫ్ లోడ్ అనే ఫంక్షన్‌నే వాడండి. బయటినుంచి వచ్చిన ఫైలును భద్రత లేని పద్ధతిలో లోడ్ చేస్తే అందులో దాచిన ఆదేశాలు మీ కంప్యూటరులో అమలయ్యే ప్రమాదం ఉంది. రెండుసార్లు వచ్చిన కీలను ఒప్పుకోకూడదని, 1.2 నియమాలే కావాలని అనుకునేవారికి రూమెల్ యామల్ అనే లైబ్రరీ ఉంది. ఫైలును తిరిగి రాసేటప్పుడు అది మీ వ్యాఖ్యలను కూడా నిలుపుతుంది.

యామల్ ఎక్కడ వాడకూడదు?

గంటగంటకూ నమోదయ్యే నీటిమట్టాలు, నెలల తరబడి పేరుకునే డీఓ రీడింగులు వంటి పొడవైన పట్టికలకు యామల్ తగదు. చదవడం నెమ్మదిస్తుంది, ఫైలు అనవసరంగా ఉబ్బుతుంది. వాటికి సీఎస్వీ ఫైలో డేటాబేసో వాడాలి. మనిషి ఎన్నడూ తెరవని, రెండు ప్రోగ్రాముల మధ్య మాత్రమే తిరిగే సమాచారానికి జేసన్ చాలు. పాస్‌వర్డులను యామల్ ఫైలులో పెట్టి దాన్ని అందరికీ కనిపించే గిట్ రిపోజిటరీలో ఎక్కించకండి. ఒకసారి ఎక్కిన తరువాత ఫైలు నుంచి తుడిచినా పాత చరిత్రలో అది అలాగే ఉంటుంది కనుక వెంటనే ఆ పాస్‌వర్డును మార్చుకోవాలి.